క్యాంపింగ్ సామగ్రికి పట్టిన తుప్పును వదిలించడం, మళ్లీ పట్టకుండా కాపాడుకోవడం: సమగ్ర మార్గదర్శి

రెండు రాత్రులు గుడారంలో గడిపి ఇంటికి చేరేసరికి ఒళ్లు అలసిపోయి ఉంటుంది. మట్టి అంటిన మేకులు, మంచుకు తడిసిన గొడ్డలి, మసి పట్టిన పెనం, మడత కుర్చీలు అన్నీ ఎలా ఉన్నవి అలాగే సంచిలోకి వెళ్లి, సంచి మూలకు చేరుతుంది. నెల తర్వాత విప్పి చూస్తే మేకుల మీద ఎర్రని పొడి లేస్తుంది, గొడ్డలి అంచున మచ్చలు కనిపిస్తాయి, పెనం అడుగున వేలితో రాస్తే నారింజ రంగు అంటుకుంటుంది. ఇలాంటి సామానును చాలామంది ఇక పనికిరాదని పారేస్తారు, లేదా చేతికి దొరికిన వైర్ బ్రష్‌తో గట్టిగా గీకి ఉన్న పూతను కూడా పోగొట్టుకుంటారు. నిజానికి పైపైన పట్టిన తుప్పులో చాలావరకు ఒక పూట శ్రమతో పూర్తిగా వదిలిపోతుంది. అయితే ఏ వస్తువు ఏ లోహంతో చేసిందో తెలుసుకున్న తర్వాతే దాని మీద చెయ్యి వేయాలి. ఈ మార్గదర్శిలో నేను అన్నిటికన్నా ఎక్కువగా పట్టుబట్టేది ఈ ఒక్క విషయం మీదే.

తుప్పు ఎలా పుడుతుంది

ఇనుము, నీరు, గాలిలోని ఆక్సిజన్ ఈ మూడూ ఒకచోట చేరితేనే తుప్పు పుడుతుంది. వీటిలో ఏ ఒక్కటి తప్పించినా ఆ ప్రక్రియ ఆగిపోతుంది. నీరు అంటే కంటికి కనిపించే తడే కానక్కర్లేదు. గాలిలో తేమ దాదాపు 60 శాతం దాటితే చాలు, శుభ్రంగా కనిపించే ఉక్కు మీద కూడా కంటికి ఆనని పలుచని నీటి పొర ఏర్పడి తుప్పు వేగం పుంజుకుంటుంది.

నునుపైన ఉక్కు రేకు మీద ఒక్క ఉప్పునీటి చుక్క వేసి కొన్ని గంటల తర్వాత చూడండి. చుక్క అంతటా సమానంగా ఎరుపెక్కదు. అంచులకు గాలి బాగా తగులుతుంది, నడిమికి అంతగా తగలదు. ఆక్సిజన్ తక్కువగా ఉన్న నడిమి భాగంలో ఇనుము కరిగి నీటిలోకి వస్తుంది. అలా కరిగిన ఇనుము అంచువైపు నుంచి వచ్చే పదార్థాలతో కలిసి, నడిమికీ అంచుకీ మధ్యలో ఎర్రని వలయంలా పేరుకుంటుంది. తుప్పు కనిపించే చోటు ఒకటి, లోహం తినుకుపోయే చోటు ఇంకొకటి అన్నమాట. మట్టి పెళ్ల కింద, మడత కీలు సందులో, తోలు ఒర లోపల ఇనుము ఎందుకు అంత లోతుగా తినుకుపోతుందో దీన్నిబట్టి అర్థమవుతుంది. తడి చేరినా గాలి సరిగా ఆడని చోట్లే గుంటలు పడతాయి.

ఉప్పు తుప్పును స్వయంగా పుట్టించదు కానీ, నీటిలో విద్యుత్తు సులువుగా ప్రవహించేలా చేసి ఈ పనిని ఎన్నో రెట్లు వేగవంతం చేస్తుంది. సముద్ర తీరంలో ఒక్క రాత్రి వాడిన సామాను కొండల మీద వారం వాడినదానికన్నా ఎక్కువగా పాడవడానికి కారణం ఇదే. మరొక చిక్కు ఏమిటంటే, తుప్పు తాను పుట్టిన ఇనుముకన్నా చాలా ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. అందువల్ల అది పెచ్చులుగా లేస్తుంది, ఆ పెచ్చుల కింద తేమ నిలుస్తుంది, కొత్త ఇనుము బయటపడుతుంది. కాబట్టి తుప్పు మీదనే నూనె రాసి ఊరుకుంటే లోపల పని సాగుతూనే ఉంటుంది.

మొదటి అడుగు: లోహాన్ని గుర్తించడం

ఒక చిన్న అయస్కాంతం దగ్గర పెట్టుకోండి. మామూలు ఉక్కు, పోత ఇనుము గట్టిగా అతుక్కుంటాయి. అల్యూమినియం, టైటానియం, ఇత్తడి అతుక్కోవు, వాటికి ఎర్రని తుప్పు పట్టే ప్రసక్తే లేదు. స్టెయిన్‌లెస్ స్టీల్ విషయంలో మాత్రం అయస్కాంతాన్ని నమ్మకూడదు. గిన్నెలు, ఫ్లాస్కులకు వాడే 304 రకం దాదాపుగా అతుక్కోదు, చాకుల అలుగులకు వాడే గట్టి రకాలు అతుక్కుంటాయి. అందువల్ల అయస్కాంతంతో పాటు వస్తువు రంగు, బరువు, దాని మీద ముద్రించిన అక్షరాలు కూడా చూడాలి.

తర్వాత పూత సంగతి చూడాలి. బూడిద రంగులో, కొన్నిసార్లు పువ్వుల్లాంటి మచ్చలతో మెరిసే మేకులు జింకు పూత పూసినవి. జింకు తాను ముందుగా తినుకుపోతూ కింది ఉక్కును కాపాడుతుంది. దీన్ని వెనిగర్‌లో వేస్తే ఆ ఆమ్లం తుప్పుతో పాటు జింకును కూడా కరిగించేస్తుంది, ఆ తర్వాత మేకు మునుపటికన్నా త్వరగా తుప్పు పడుతుంది. జింకు పూత ఉన్న వస్తువును నిప్పులో పెట్టడం ఇంకా ప్రమాదకరం. జింకు ఆవిరై వచ్చే పొగను పీలిస్తే చలిజ్వరం వంటి అస్వస్థత కలుగుతుంది. గాల్వనైజ్ చేసిన కడ్డీలతో వంట జాలీ తయారు చేసుకోవాలన్న ఆలోచన ఎవరికైనా ఉంటే వెంటనే మానుకోవాలి.

బాగుచేయకూడని వస్తువులు

కొన్నింటిని శుభ్రం చేయడం కన్నా తీసి పక్కన పెట్టడమే సరైన పని. గ్యాస్ డబ్బా అతుకుల దగ్గర, వాల్వు చుట్టూ గుంటలు పడిన తుప్పు కనిపిస్తే దాన్ని గీకవద్దు, వాడవద్దు. అక్కడ లోహం ఎంత పలచబడిందో పైనుంచి తెలియదు. మనిషి బరువు మోసే ఉక్కు కారబినర్లు (తాళ్లను తగిలించే స్ప్రింగు కొక్కేలు), ఊయల మంచం కొక్కేలు, గొలుసులు గుంటలు పడేలా తుప్పు పడితే వాటి బలం గురించి ఎవరూ హామీ ఇవ్వలేరు. క్రోమియం పూత పెచ్చులుగా ఊడుతున్న వంట జాలీ మీద ఆహారం కాల్చకూడదు. ఇంధన గొట్టం తుప్పు పట్టిన స్టవ్‌కు గొట్టం మార్చాల్సిందే. ఇంతకుమించి ఆలోచించడానికి ఇక్కడ ఏమీ లేదు.

రెండో అడుగు: సిద్ధం చేసుకోవడం

చేతికి మందపాటి రబ్బరు తొడుగులు, కళ్లకు అద్దాలు, పొడి తుప్పు గీకేటప్పుడు ముక్కుకు మాస్కు పెట్టుకోవాలి. తుప్పు మేకు గుచ్చుకుంటే ధనుర్వాతం వస్తుందని అందరూ అంటారు. ఆ జబ్బు తుప్పు వల్ల రాదు, మట్టిలో ఉండే ఒక బ్యాక్టీరియా వల్ల వస్తుంది. అయితే గుడారపు మేకులు ఉండేది మట్టిలోనే కాబట్టి ఆ జాగ్రత్త ఇక్కడ అక్షరాలా వర్తిస్తుంది. లోతుగా గుచ్చుకుంటే గాయాన్ని కడిగి వైద్యుడికి చూపించుకోవాలి.

మడిచే వస్తువులను వీలైనంతవరకు విడదీయండి. విడదీసే ముందు ఒక ఫోటో తీసుకుంటే వాషర్లు, స్ప్రింగులు ఏ వరుసలో ఉన్నాయో తర్వాత తడుముకోనక్కర్లేదు. చెక్క పిడులు, ప్లాస్టిక్ మూతలు, గుడ్డ భాగాలు వేరుచేయాలి. తర్వాత అన్నిటినీ సబ్బునీళ్లతో కడిగి మట్టి, జిడ్డు పోగొట్టాలి. చాలామంది అనవసరం అనుకునే దశ ఇది. జిడ్డు ఉన్నచోట ఆమ్లం తుప్పును అందుకోలేక, నానబెట్టి తీశాక వస్తువు మచ్చలు మచ్చలుగా మిగులుతుంది.

మూడో అడుగు: పలుచని తుప్పును రుద్ది తీయడం

వేలితో రాస్తే పొడి అంటుకుంటున్నా, గోటికి గుంటలు తగలకపోతే అది పైపై తుప్పు. దీనికి నానబెట్టాల్సిన పని లేదు. మచ్చ మీద నాలుగు చుక్కల పలుచని నూనె వేసి పది నిమిషాలు ఆగండి. తర్వాత 0000 గుర్తు ఉన్న అతి సన్నని ఉక్కు పీచుతో, అంటే స్టీల్ ఊల్‌తో, లోహం మీద ఉన్న సహజమైన గీతల దిశలోనే రుద్దండి. అడ్డంగానో గుండ్రంగానో రుద్దితే కొత్త గీతలు పడతాయి, ఆ గీతల్లోనే తర్వాతి తేమ నిలుస్తుంది. నూనె గోధుమరంగుకు తిరగగానే గుడ్డతో తుడిచి మళ్లీ కొత్త నూనె వేయాలి. ఇలా రెండు మూడు సార్లు చేస్తే చాలా వస్తువులు బాగుపడతాయి.

క్రోమియం పూత ఉన్న కడ్డీలకు స్టీల్ ఊల్ కన్నా మంచి ఉపాయం ఒకటి ఉంది. వంటింట్లో వాడే అల్యూమినియం రేకును ఉండలా నలిపి, నీళ్లలో ముంచి, మెల్లగా రుద్దాలి. అల్యూమినియం ఉక్కుకన్నా, క్రోమియంకన్నా మెత్తన కాబట్టి పూత మీద గీతలు పడవు, తుప్పు మచ్చలు మాత్రం ఊడివస్తాయి.

పెచ్చులు కట్టిన తుప్పైతే ముందుగా వైర్ బ్రష్‌తో, అవసరమైతే 80 నుంచి 120 గరుకుదనం ఉన్న శాండ్ పేపర్‌తో పెచ్చులు రాల్చాలి. మెరుపు వచ్చేదాకా గీకాల్సిన పని లేదు. వదులుగా ఉన్నది రాలిపోతే చాలు, మిగిలినది ఆమ్లం చూసుకుంటుంది. ఎంత తక్కువ లోహం పోతే అంత మంచిది.

నాలుగో అడుగు: నానబెట్టడం

దీనికి వెనిగర్ పనికివస్తుంది కానీ, నా ఓటు నిమ్మ ఉప్పుకే. సిట్రిక్ ఆమ్లం స్ఫటికాలనే నిమ్మ ఉప్పు అంటారు. వెనిగర్‌లో ఉండే ఎసిటిక్ ఆమ్లం సుమారు 5 శాతమే. దానితో పని నెమ్మదిగా సాగుతుంది, ఘాటైన వాసన వస్తుంది. నిమ్మ ఉప్పుకు వాసన ఉండదు. పైగా అది కరిగిన ఇనుమును పట్టి ఉంచుతుంది కాబట్టి తుప్పు తిరిగి లోహం మీద పేరుకోవడం తగ్గుతుంది.

ఒక లీటరు గోరువెచ్చని నీటికి 50 గ్రాముల నిమ్మ ఉప్పు కలపండి. తుప్పు మొండిదైతే 100 గ్రాముల వరకు వేయవచ్చు. ప్లాస్టిక్ లేదా గాజు పాత్రే వాడాలి. అల్యూమినియం గిన్నెలోనో జింకు బకెట్‌లోనో కలిపితే ఆ పాత్రే తినుకుపోతుంది. వస్తువు పూర్తిగా మునగాలి, ఎందుకంటే సగం మునిగిన వస్తువు మీద నీటిమట్టం దగ్గర ఒక గీతలా తినుకుపోయిన గుర్తు మిగిలిపోతుంది.

ఉక్కు మేకును వేయగానే ఏమీ జరగనట్టే ఉంటుంది. కొద్దిసేపటికి తుప్పు అంచుల నుంచి సన్నని బుడగలు వరుసగా పైకి లేస్తాయి, నీరు పసుపుపచ్చగా మారుతుంది. గంట గడిచాక తీసి పాత టూత్‌బ్రష్‌తో రుద్దితే తుప్పు నల్లని బురదలా జారిపోయి, కింద మాసిన బూడిద రంగు ఉక్కు కనిపిస్తుంది. తుప్పు మిగిలి ఉంటే మళ్లీ ముంచి గంటకోసారి చూస్తూ ఉండండి. తుప్పు పోయిన చోట కూడా బుడగలు గట్టిగా వస్తున్నాయంటే ఆమ్లం ఇక మంచి లోహాన్ని తింటోందని అర్థం. వెంటనే తీసేయాలి. మొండి తుప్పుకు ఒక రాత్రి పట్టవచ్చు కానీ, పెట్టి మరిచిపోవడం మాత్రం మంచిది కాదు.

ఇక్కడ మూడు హెచ్చరికలు ఉన్నాయి. స్ప్రింగులను, బాగా గట్టిపరిచిన సన్నని ఉక్కు భాగాలను ఆమ్లంలో ఎక్కువసేపు ఉంచకూడదు. ఈ చర్యలో పుట్టే హైడ్రోజన్ లోహంలోకి చొరబడి దాన్ని పెళుసుగా మారుస్తుంది, తర్వాత పనిమధ్యలో విరిగిపోవచ్చు. అల్యూమినియం రివెట్లు ఉన్న ఉక్కు వస్తువును నానబెట్టకూడదు. ఇక వెనిగర్ గానీ నిమ్మ ఉప్పు గానీ ఉన్న పాత్రలో బ్లీచింగ్ ద్రావణం ఒక్క చుక్క కూడా కలవకూడదు, విషపూరితమైన క్లోరిన్ వాయువు వెలువడుతుంది.

ఐదో అడుగు: ఆమ్లాన్ని విరిచి, వెంటనే ఆరబెట్టడం

తుప్పు వదిలిన ఇనుము ఎంత శుభ్రంగా ఉంటుందో అంత నిస్సహాయంగా ఉంటుంది. ఆమ్లంలోంచి తీసిన మేకును గాలికి వదిలేస్తే కళ్లముందే పసుపు ఛాయ తిరుగుతుంది. అందుకే నానబెట్టడానికి ముందే తర్వాత కావలసినవన్నీ వరుసగా పెట్టుకోవాలి: లీటరు నీటికి ఒక పెద్ద చెంచా వంట సోడా కలిపిన బకెట్, మంచినీటి బకెట్, రెండు పొడి తువ్వాళ్లు, నూనె, గుడ్డ. వస్తువును సోడా నీటిలో రెండు నిమిషాలు తిప్పి, మంచినీటితో కడిగి, తువ్వాలుతో ఒత్తి తుడిచి, హెయిర్ డ్రయ్యర్‌తో లేదా ఎండలో సందుల్లోని తడి సైతం పోయేలా ఆరబెట్టాలి. పదును ఉన్న పనిముట్లను మంట మీద ఆరబెట్టకండి, వేడికి అంచు గట్టిదనం కోల్పోతుంది. ఒంటికి వెచ్చగా తగిలే స్థితిలో ఉండగానే నూనె రాయాలి. వెచ్చని లోహం మీద నూనె పలుచబడి సందుల్లోకి సులువుగా చేరుతుంది.

కొంచెం పసుపు ఛాయ వచ్చేసినా కంగారు పడనక్కర్లేదు. నూనె ముంచిన స్టీల్ ఊల్‌తో ఒకసారి రుద్దితే పోతుంది.

విద్యుత్ పద్ధతి, తుప్పును మార్చే రసాయనాలు

పెద్ద ఇనుప పాత్రలకు, నకాషీలు ఉన్న పాత వస్తువులకు విద్యుద్విశ్లేషణ చక్కగా పనిచేస్తుంది, ఎందుకంటే దీనిలో మంచి లోహం దాదాపు పోదు. ప్లాస్టిక్ తొట్టిలో నాలుగు లీటర్ల నీటికి ఒక పెద్ద చెంచా చాకలి సోడా కలిపి, 12 వోల్టుల బ్యాటరీ చార్జర్ ఋణ తీగను తుప్పు పట్టిన వస్తువుకు, ధన తీగను పాత ఉక్కు ముక్కకు తగిలించాలి. రెండూ ఒకదానికొకటి తగలకూడదు. తీగలు తారుమారైతే మీ వస్తువే కరిగిపోతుంది. ధన తీగకు స్టెయిన్‌లెస్ స్టీల్ ముక్కను ఎప్పుడూ వాడకూడదు, అందులోంచి విషపూరితమైన క్రోమియం సమ్మేళనాలు నీటిలోకి వస్తాయి. సోడాకు బదులు ఉప్పు వేస్తే క్లోరిన్ పుడుతుంది. మండే స్వభావం ఉన్న హైడ్రోజన్ వెలువడుతుంది కాబట్టి ఈ పని ఆరుబయటే, నిప్పుకు దూరంగా చేయాలి. తొట్టిలో చెయ్యి పెట్టే ముందు ప్రతిసారీ చార్జర్ ఆపాలి. అల్యూమినియానికి ఈ పద్ధతి పనికిరాదు. విద్యుత్తుతో అలవాటు లేనివారు నిమ్మ ఉప్పుతోనే సరిపెట్టుకోవడం మేలు.

తుప్పును మార్చే ద్రావణాల్లో టానిక్ ఆమ్లమో ఫాస్ఫారిక్ ఆమ్లమో ఉంటుంది. ఇవి తుప్పును తీసేయవు, దాన్ని నల్లని స్థిరమైన పొరగా మారుస్తాయి. దాని మీద రంగు వేయాలి. కుర్చీ కాళ్లకు, ట్రాలీ చట్రానికి మంచివే కానీ ఆహారం తగిలే వేటికీ వాడకూడదు.

పోత ఇనుప పెనం, డచ్ ఓవెన్

తుప్పు పట్టిందని పారేయకూడని వస్తువు ఏదైనా ఉంటే అది పోత ఇనుప పాత్రే, పెనమైనా, డచ్ ఓవెన్ అనే మూత ఉన్న బరువైన కుండైనా. పగుళ్లు లేకపోతే ఎంత ఎర్రబడినా మళ్లీ నల్లగా నిగనిగలాడించవచ్చు. దాని మీద ఉండే నల్లని పొర రంగు కాదు. వేడికి నూనె అణువులు ఒకదానితో ఒకటి పెనవేసుకుని లోహానికి అంటుకున్న గట్టి పొర అది. ఆ పొర దెబ్బతిన్న చోటే తుప్పు మొదలవుతుంది.

మచ్చలు కొద్దిగానే ఉంటే దొడ్డు ఉప్పు, కొంచెం నూనె వేసి గుడ్డతో రుద్దితే సరిపోతుంది, తర్వాత ఉప్పు అణువంత కూడా మిగలకుండా కడగాలి. అంతటా తుప్పు పడితే స్టీల్ ఊల్‌తో రుద్ది, ఇంకా మిగిలితే సమపాళ్లలో కలిపిన వెనిగర్, నీటిలో నానబెట్టాలి. ఒక్కసారికి అరగంట మించకూడదు, తీసి రుద్ది చూసి అవసరమైతేనే మళ్లీ ముంచాలి.

కడిగిన పాత్రను పొయ్యి మీద సన్నని సెగన తడి పూర్తిగా ఆవిరయ్యేదాకా వేడిచేయండి. తర్వాత సాధారణ వంట నూనెను లోపలా, బయటా, మూతకూ, పిడికీ రాయండి. ఇప్పుడు పొడి గుడ్డ తీసుకుని, పొరపాటున రాసిన నూనెను తుడిచేస్తున్నట్టుగా, మిగిలిందంతా తుడిచేయండి. పాత్ర ఆరినట్టు కనిపించాలి, వేలు పెడితే మాత్రం పలుచని జిడ్డు తెలియాలి. అందరూ తప్పు చేసేది ఇక్కడే. నూనె ఎక్కువైతే అది పొరగా గట్టిపడకుండా బంకలా చుక్కలు కట్టి, వేలికి అతుక్కుంటూ ఉంటుంది. తర్వాత ఓవెన్‌లో బోర్లించి సుమారు 230 డిగ్రీల సెల్సియస్ వేడిలో ఒక గంట ఉంచి, ఓవెన్ ఆపేసి అందులోనే చల్లారనివ్వాలి. పొగ వస్తుంది, కిటికీలు తెరిచి ఉంచాలి. మొదటి పూతకు గోధుమ రంగు వస్తుంది, మూడు నాలుగు సార్లు చేస్తే నల్లని నిగ్గు తేలుతుంది.

ఓవెన్ లేనివారు నిప్పుల మీదా ఈ పని చేయవచ్చు కానీ, వేడి అన్ని వైపులా సమానంగా అందదు కాబట్టి పాత్రను తిప్పుతూ ఉండాలి. కాలిన పాత్ర మీద చన్నీళ్లు పోయడం మాత్రం ఎప్పుడూ వద్దు, పోత ఇనుము పెళుసు, ఒక్కసారిగా పగిలిపోతుంది. టమాటా, చింతపండు వేసిన పులుసులు ఎక్కువసేపు మరిగినా, రాత్రంతా పాత్రలో నిలవ ఉన్నా పొర కరుగుతుంది. శిబిరంలో వండిన వెంటనే వేరే గిన్నెలోకి తీసేయాలి.

గొడ్డళ్లు, చాకులు, రంపాలు

నా గొడ్డలిని ఒక వానాకాలం అంతా తోలు ఒరలోనే ఉంచాను. ఒర అంచు తగిలిన మేరకు, గీత గీసినట్టుగా, అలుగు మీద గుంటలు పడ్డాయి. తోలు తేమను పట్టి ఉంచుతుంది, తోలు శుద్ధికి వాడిన రసాయనాలు ఆ తేమతో కలిసి ఉక్కును తింటాయి. ఒర ప్రయాణంలో రక్షణకే, నిలవకు కాదు. ఇంట్లో గొడ్డలిని, చాకును ఒర నుంచి తీసి వేరుగా ఉంచాలి.

అలుగు మీది తుప్పును వీలైనంతవరకు రుద్దే తీయాలి. నానబెట్టాల్సి వస్తే అలుగు మాత్రమే మునిగేలా వేలాడదీయాలి. పిడి తడిస్తే చెక్క ఉబ్బి, ఆరాక వదులవుతుంది. తుప్పు తీసిన తర్వాత అంచు మొద్దుబారి ఉంటుంది కాబట్టి గొడ్డలికి ఆకురాయి, చాకుకు సానరాయి పట్టాలి. కార్బన్ స్టీల్ చాకు వాడకంతో నీలి బూడిద రంగుకు తిరుగుతుంది. అది తుప్పు కాదు, గీకకండి, ఎర్ర తుప్పును కొంతవరకు అడ్డుకునే పొర అది. ఆహారం కోసే అలుగుకు తినదగిన మినరల్ ఆయిల్ రాయాలి. వంట నూనెలు నిలవలో చిక్కబడి జిగురుగా మారతాయి.

గొడ్డలి పిడికి ఉడికించిన అవిసె నూనె రాసే అలవాటు మంచిది. అయితే ఆ నూనె పీల్చిన గుడ్డను ఉండలా చుట్టి పడేస్తే, ఆరేటప్పుడు పుట్టే వేడి లోపలే చిక్కుకుని దానంతట అదే అంటుకుంటుంది. గుడ్డను ఆరుబయట పరిచి పూర్తిగా ఆరనివ్వాలి, లేదా నీళ్లు నింపిన మూత డబ్బాలో వేయాలి.

స్టెయిన్‌లెస్ స్టీల్, అల్యూమినియం

స్టెయిన్‌లెస్ స్టీల్‌లో కనీసం 10.5 శాతం క్రోమియం ఉంటుంది. అది గాలితో కలిసి కంటికి కనిపించని పొర కట్టి లోహాన్ని కాపాడుతుంది. ఉప్పునీరు ఆ పొరను పొడుస్తుంది, అందుకే తీరంలో వాడిన గిన్నెల మీద టీ మరకల వంటి గోధుమ మచ్చలు వస్తాయి. మాలిబ్డినం కలిసిన 316 రకం ఉప్పును ఎక్కువగా తట్టుకుంటుంది. మచ్చలు పడితే మామూలు స్టీల్ ఊల్ వాడకూడదు. దాని నుంచి రాలిన ఇనుప రేణువులు గిన్నెకు అంటుకుని అవే తుప్పు పడతాయి. వంట సోడాను ముద్దగా చేసి నైలాన్ పీచుతో రుద్దండి, లేదా పలుచని నిమ్మ ఉప్పు నీటితో తుడిచి కడగండి.

అల్యూమినియం గుడారపు కడ్డీల మీద కనిపించే తెల్లని పొడి కూడా ఒకరకమైన తినుకుపాటే. మెత్తని గుడ్డతో సబ్బునీళ్లు పెట్టి తుడిచి, కీళ్లలోని ఇసుక పోయేలా మంచినీటితో కడగాలి. అల్యూమినియం చట్రంలో ఉక్కు బోల్టులు ఉంటే, ఉప్పునీరు చేరినప్పుడు బోల్టు కన్నా దాని చుట్టూ ఉన్న అల్యూమినియమే ముందు పోతుంది. అలాంటి చోట బోల్టు తీసి, గ్రీజు రాసి, ప్లాస్టిక్ వాషర్‌తో బిగించాలి.

మడత కుర్చీలు, స్టవ్‌లు

కుర్చీల గొట్టాలు పైనుంచి కాదు, లోపలి నుంచి తుప్పు పడతాయి. కాలి చివర ప్లాస్టిక్ తొడుగును లాగి చూడండి, నీళ్లు కారితే అదే కారణం. ఒక పూట తలకిందులుగా ఎండలో నిలబెట్టి, లోపలికి కొంచెం నూనె చల్లి తొడుగు పెట్టాలి. రంగు లేచిన చోట్ల శాండ్ పేపర్ పట్టి, తుప్పును అడ్డుకునే ప్రైమర్, ఆపైన రంగు వేయాలి.

కట్టెలు కాల్చే స్టవ్‌లో బూడిద మిగిల్చి మూట కట్టకండి. బూడిదలోని లవణాలు గాలిలోని తేమను పీల్చి రేకును తినేస్తాయి. గ్యాస్ స్టవ్ బర్నరు పైభాగాన్ని పొడి బ్రష్‌తో శుభ్రం చేయవచ్చు, జెట్ రంధ్రంలో మాత్రం ఉక్కు తీగ గుచ్చకూడదు. రంధ్రం పెద్దదైతే మంట అదుపు తప్పుతుంది.

మళ్లీ పట్టకుండా: ఇంటికి చేరిన తొలి అరగంట

ఏ రసాయనమూ ఈ అరగంటకు సాటిరాదు. శిబిరం ఎత్తేటప్పుడే మేకులను పీకి, ఒకదానితో ఒకటి తట్టి మట్టి రాల్చి, తుడిచి, గుడారం గుడ్డతో కలపకుండా వేరే సంచిలో పెట్టుకోవాలి. ఇంటికి రాగానే సంచులన్నీ విప్పేయాలి. తీరంలో వాడిన ప్రతి లోహపు వస్తువును మంచినీటితో కడగాలి. తుడవడం సరిపోదు, ఎండిన ఉప్పు సందుల్లో ఉండిపోయి తేమ తగలగానే మళ్లీ కరుగుతుంది. చలిలో ఉన్న సామాను వెచ్చని గదిలోకి తెస్తే చన్నీళ్ల గ్లాసుకు పట్టినట్టే చెమ్మ పడుతుంది. కాబట్టి గది వేడికి వచ్చేదాకా ఆగి, తుడిచాకే లోపల పెట్టాలి.

ఏ నూనె రాయాలన్నది చాలామందికి ఉండే సందేహం. డబ్ల్యూడీ-40 అనే స్ప్రేను 1953లో శాన్ డియాగోలో క్షిపణుల లోహపు పైపొరను తుప్పు నుంచి కాపాడడానికి తయారు చేశారు. నీటిని తొలగించే నలభయ్యో ప్రయత్నం అని దాని పేరుకు అర్థం. సందుల్లో తడిని తరమడానికి అది చాలా మంచిది. అయితే దాని పొర పలుచన, నెలల తరబడి నిలవ ఉంచే వస్తువుకు దాని తర్వాత చిక్కని యంత్రపు నూనె గానీ, గ్రీజు గానీ రాయాలి. ఆహారం తగిలే వాటికి ఇవేవీ వద్దు, మినరల్ ఆయిల్ లేదా తేనెమైనం వాడాలి. నేను మినరల్ ఆయిల్ మూడు పాళ్లకు ఒక పాలు తేనెమైనం వేసి, వేడినీళ్ల గిన్నెలో పెట్టి కరిగించుకుంటాను. చల్లారాక మెత్తని ముద్దలా ఉండి, అలుగుకు రాస్తే జారకుండా నిలుస్తుంది, ధూళి కూడా అంతగా అంటదు.

నిలవ ఉంచే చోటు పొడిగా, గాలి ఆడేలా ఉండాలి. సిమెంటు నేల మీద నేరుగా పెట్టకుండా చెక్క పలకల మీదో అరల్లోనో పెట్టాలి. గాలి చొరని డబ్బా మంచిదే కానీ, లోపల పెట్టే వస్తువులు పూర్తిగా ఆరి ఉంటేనే. లేదంటే తడిని లోపలే బంధించినట్టవుతుంది. డబ్బాలో సిలికా జెల్ సంచులు వేయండి. నీలం నుంచి గులాబీ రంగుకు మారే రకంలో కోబాల్ట్ లవణం ఉంటుంది, వంటపాత్రల దగ్గర అది వద్దు. రంగు మారని తెల్లని రకమో, నారింజ రంగుదో తీసుకోవచ్చు. చెమ్మ పీల్చుకున్న గింజలను సుమారు 120 డిగ్రీల వేడిలో రెండు గంటలు ఉంచితే మళ్లీ పనికివస్తాయి. పోత ఇనుప పాత్రల మూతకూ పాత్రకూ మధ్య మడిచిన కాగితం ముక్క పెడితే లోపల గాలి ఆడుతుంది.

వానాకాలంలో నెలకోసారి, మిగతా రోజుల్లో రెండు మూడు నెలలకోసారి డబ్బా తెరిచి, పొడి గుడ్డతో ప్రతి అలుగునూ ఒకసారి తుడవండి. గుడ్డ మీద నారింజ ఛాయ కనిపిస్తే ఆ వస్తువును అప్పుడే బయటకు తీసి, మూడో అడుగులో చెప్పినట్టు నూనె, సన్నని స్టీల్ ఊల్‌తో రుద్దేయండి. ఆ దశలో రెండు నిమిషాల్లో పోతుంది.